మనోళ్ళది ఏది బిడ్డా?

2019 జనవరిలో నాకు పంచాయతీ ఎన్నికల డ్యూటీ పడింది. పెద్దపల్లి జిల్లాలోనే, గోదావరిఖని నుంచి బస్సులో గంటన్నర ప్రయాణం. ఊరి బడే పోలింగ్ కేంద్రం. రోజూ పిల్లలకు పాఠం చెప్పే గది లాంటి గదిలోనే కూచుని ఆ రోజు ఓటు కాగితాలు చింపి ఇచ్చాను. గులాబీ రంగుది సర్పంచికి, తెల్లది వార్డు మెంబరుకు. పది దాటిన తర్వాత ఒక ముసలవ్వ వచ్చింది. వేలికి సిరా పెట్టించుకుంది, కాగితాలు తీసుకుని అట్ట చాటుకు పోయింది. చాలాసేపు అలికిడి లేదు. తర్వాత ముద్ర వేయకుండానే గులాబీ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని నా దగ్గరికి వచ్చి అడిగింది.

"మనోళ్ళది ఏది బిడ్డా?"

ఏజెంట్లందరూ ఒక్కసారి తలెత్తారు. నేను చెప్పకూడదు. "అది నీకే తెలియాలె అవ్వా. నీకు నచ్చిన గుర్తు మీద ముద్ర కొట్టు" అన్నాను. ఆమె కదలలేదు. "నచ్చినోడు ఉన్నడు గని, వాడు దీంట్ల యాడున్నడు? మొన్నటి ఓట్లల్ల మనిషి బొమ్మ ఉండె గద" అంది.

ఆమె అన్నది నిజమే. నెలన్నర కిందటి అసెంబ్లీ ఎన్నికల్లో యంత్రం మీద అభ్యర్థి పేరు, పక్కన ఫోటో, ఆ పక్కన గుర్తు ఉన్నాయి. ఒకే పేరున్న ఇద్దరు నిలబడితే ఓటరు తికమక పడకూడదని 2015 నుంచి ఫోటో పెడుతున్నారు. పంచాయతీ కాగితం మీద అవేవీ లేవు. పార్టీ లేదు, పేరు లేదు, ముఖం లేదు. ఉంగరం ఉంది, కత్తెర ఉంది, అలాంటివే మరికొన్ని బొమ్మలున్నాయి. ఈ కాగితాలు ముందే అచ్చవుతాయి. నామినేషన్లు వెనక్కి తీసుకునే గడువు దాటాక, బరిలో మిగిలినవాళ్ళ పేర్లను తెలుగు అక్షరక్రమంలో పెట్టి వరసగా గుర్తులు ఇస్తారు. కాబట్టి ఉంగరానికీ ఆ మనిషికీ మధ్య ఉన్న చుట్టరికం కొద్ది రోజులది. దాన్ని ఓటరే తలలో పెట్టుకుని రావాలి. ముసలవ్వ పెట్టుకునే వచ్చింది. అట్ట చాటున నిలబడేసరికి మరిచిపోయింది.

చివరికి ఏదో ఒక బొమ్మ మీద ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వేసి వెళ్ళిపోయింది. వెళ్తూ నా వైపు చూడలేదు. ఆమె ఓటు ఆమె అనుకున్న మనిషికే పడిందో లేదో ఆమెకు కూడా తెలియదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ రహితంగా జరుగుతాయని ఏటా పిల్లలతో చెప్పిస్తాను. అందులో ఒక మంచి తలపు ఉందని నేను నిజంగానే నమ్మేదాన్ని. ఊరు చిన్నది. బోరు చెడిపోతే, వీధి దీపం పోతే దానికి ఢిల్లీ జెండా ఎందుకు? పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఐదేళ్ళు మాట్లాడుకోకుండా పోవడం ఎందుకు? జయప్రకాశ్ నారాయణ్ లాంటి పెద్దలు పార్టీల్లేని ప్రజాస్వామ్యం గురించి 1950లలోనే గట్టిగా మాట్లాడారు. అమెరికాలో నెబ్రాస్కా అనే రాష్ట్రం 1936 నుంచి తన శాసనసభ ఎన్నికలనే పార్టీ పేరు లేని కాగితం మీద నడుపుతోంది. తేలిగ్గా తోసేయదగ్గ ఆలోచన కాదు.

కానీ ఆ రోజు ఆ గదిలో ఏం జరిగిందో చూశాను కదా. ఉంగరం ఏ పార్టీదో, కత్తెర ఏ పార్టీదో ఏజెంట్లకు తెలుసు. బయట టెంటు కింద కుర్చీలు వేసుకున్నవాళ్ళకు తెలుసు. బస్సు దిగుతూనే నాకూ తెలిసిపోయింది. మర్నాడు పొద్దున పేపర్లలో ఏ పార్టీ బలపరిచినవాళ్ళు ఎన్ని ఊళ్ళు గెలిచారో లెక్కలు వచ్చాయి. పార్టీ ఊరంతా ఉంది. ముసలవ్వ చేతిలో ఉన్న కాగితం మీద మాత్రం లేదు.

రాత్రి చౌరస్తాలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే నాకు మా బాపు గుర్తొచ్చాడు.

బాపు 1970లలో కోల్ ఫిల్లర్‌గా ఇక్కడికి వచ్చాడు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే పని. అప్పటికి గోదావరిఖనిలో బాయిలు తెరిచి పట్టుమని పదిహేనేళ్ళు. ఊరు ఇంకా ఊరు కాలేదు. కరీంనగర్ పల్లెల నుంచి, వరంగల్ నుంచి, నల్లగొండ నుంచి, ఎక్కడో ఉత్తరాన బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్ళు వరస క్వార్టర్లలో గోడకు గోడ ఆనుకుని బతికారు. సొంతూళ్ళో బాపును ఎవరైనా మొదట అడిగే మాట "ఎవరింటోనివి?" అని. ఇంటిపేరు చెబితే కులం, వాడ, భూమి ఎంత, పంచాయితీలో ఏ వైపు కూచుంటాడు, అన్నీ తెలిసిపోయేవి. ఇక్కడ బాయి గేటు దగ్గర ఆ ప్రశ్న లేదు. అడిగినా ప్రయోజనం లేదు, పక్కవాడికి ఆ ఇంటిపేరు ఎన్నడూ విన్న పేరు కాదు. ఇక్కడ అడిగేది "ఏ జెండా?" అని.

బాపుది ఎర్రజెండా. దాని సిద్ధాంతం చదివి చేరలేదు. మస్టర్ దగ్గర తగాదా వచ్చిన రోజు ఆయన తరఫున మాట్లాడిన పిట్ కార్యదర్శి ఆ జెండా మనిషి. మా అవ్వకు ఆపరేషన్ అయినప్పుడు సెలవు కాగితం రాసిపెట్టిందీ ఆయనే. అట్లా ముక్కూ ముఖం తెలియని మనుషుల మధ్య జెండా ఒక ఆనవాలు అయింది. సంఘాలు కూడా ఊరికే పుట్టలేదు. ఏఐటీయూసీది 1920 పుట్టుక. ఐఎన్‌టీయూసీ 1947లో కాంగ్రెస్ నీడన వచ్చింది, మరుసటి ఏడు సోషలిస్టుల హెచ్‌ఎంఎస్, 1955లో బీఎంఎస్. కమ్యూనిస్టు పార్టీ చీలాక 1970లో సీఐటీయూ. పార్టీ చీలినప్పుడల్లా మా గేటు దగ్గర ఒక జెండా కర్ర పెరిగింది. ఒకప్పుడు ఎవరు పడితే వారు సమ్మె పిలుపు ఇచ్చేవారు. రేపు బాయికి పోవాలా వద్దా అని రాత్రి పదింటికి బాపు పక్క క్వార్టర్‌కు వెళ్ళి కనుక్కుని వచ్చేవాడు.

ఆ గందరగోళానికి విరుగుడుగా 1998లో మా బొగ్గు కంపెనీ సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి. కేంద్ర కార్మిక శాఖ అధికారులు రహస్య బ్యాలెట్ పెట్టి నడుపుతారు. మొత్తం కంపెనీలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు గుర్తింపు సంఘం. ఏరియాలో ఎక్కువ వచ్చినవాళ్ళకు అక్కడ ప్రాతినిధ్య హోదా. కాగితం మీద సంఘం పేరు, గుర్తు. అది పార్టీ గుర్తు కాదు. ఏఐటీయూసీది సీపీఐ కంకి కొడవలి కాదు, నక్షత్రం. ఐఎన్‌టీయూసీది కాంగ్రెస్ చెయ్యి కాదు, గడియారం. టీబీజీకేఎస్‌ది టీఆర్ఎస్ కారు కాదు, బాణం. అయినా నక్షత్రం వెనక ఏ జెండా ఉందో, గడియారం వెనక ఏ జెండా ఉందో తెలియని కార్మికుడు గోదావరిఖనిలో ఒక్కడు దొరకడు. నిన్నమొన్న ఉద్యోగంలో చేరిన పిల్లవాడికైనా గేట్ మీటింగుల్లో రెండు రోజులు నిలబడితే తెలిసిపోతుంది. 1998లో, 2001లో ఏఐటీయూసీ గెలిచింది. 2003లో ఐఎన్‌టీయూసీ. 2007లో మళ్ళీ ఏఐటీయూసీ.

బాపు ఆ ఎన్నికల్లో మొదటిసారి ఓటేసి వచ్చిన సాయంత్రం ఆయన్ను అడిగాను, నీకు నచ్చని మనిషిని మీ సంఘం నాయకుడిగా పెడితే ఏం చేస్తావని. ఆయన గడప మీద కూచుని కాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. "మనిషి మారుతడు బిడ్డా. జెండా పట్టుకున్నోడు ఎవడైనా రేపు మళ్ళ ఈ గేటుకాడికే రావాలె గద. అప్పుడు అడుగుత" అన్నాడు.

ఆ మాటకు అప్పుడు నేను విలువ ఇవ్వలేదు. పాతకాలపు విధేయత అనుకున్నాను. ఇప్పుడు నాకు ఆ మాటలోనే ఈ విషయం మొత్తం ఉందనిపిస్తుంది. ఓటు కాగితం మీద గుర్తు చేసే పని ఓటేసే రోజుతో అయిపోదు. నిన్న మాట ఇచ్చినవాడూ రేపు సంజాయిషీ చెప్పాల్సినవాడూ ఒకడే అని నిలబెట్టేది ఆ గుర్తు. సర్పంచి కాగితం మీది ఉంగరం ఐదేళ్ళ తర్వాత ఇంకెవరికో పోతుంది. ఉంగరాన్ని ఎవరు పట్టుకుని అడుగుతారు?

అయితే ఈ మాట అన్నంత తేలికగా నడవలేదు. మా రామగుండం నియోజకవర్గం కథ చూడండి. 2009లో మొదటిసారి రామగుండం పేరుతో ఎన్నిక జరిగితే సోమారపు సత్యనారాయణ ఏ పార్టీ లేకుండా ఇండిపెండెంటుగా గెలిచారు. 2014లో ఆయనే కారు గుర్తు మీద గెలిచారు. 2018లో కోరుకంటి చందర్ ఆయన్ను ఓడించారు. ఏ గుర్తు మీద? సింహం. ఆలిండియా ఫార్వర్డ్ బ్లాక్, 1939లో సుభాష్ చంద్రబోస్ పెట్టిన పార్టీ. 26 వేలకు పైగా మెజారిటీ. 2023లో అదే చందర్ కారు గుర్తు మీద నిలబడి, చెయ్యి గుర్తు మీద నిలబడ్డ మక్కాన్‌సింగ్ రాజ్‌ఠాకూర్ చేతిలో 56 వేల పైచిలుకు ఓట్లతో ఓడారు.

సింహానికి ఓటేసిన మా వాడకట్టువాళ్ళలో బోసు సిద్ధాంతం కోసం వేసినవాళ్ళు నాకు కనిపించలేదు. వాళ్ళు ఆ మనిషికి వేశారు. తెలంగాణ ఉద్యమంలో తమతో తిరిగాడని వేశారు. అప్పుడు గుర్తు చేసిన పని మనిషిని కాగితం మీద ఎక్కించడం ఒక్కటే. దాని తప్పొప్పులు చెప్పడానికి నేను రాయడం లేదు. జనం తెలిసే వేశారు. కానీ ఐదేళ్ళ తర్వాత, 2018లో సింహానికి ఓటేసినవాడు సింహాన్ని అడగాలంటే అడగడానికి సింహం లేదు. బాపు అన్న గేటు అక్కడ లేదు.

మా తెలంగాణలో గుర్తు ఆనవాలుగా పనిచేసిన గొప్ప సందర్భం కూడా ఉంది. 1952లో కమ్యూనిస్టు పార్టీ హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధంలో ఉంది. వాళ్ళు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఆ ఎన్నికల్లో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద గుర్తు. చదువు రాని జనం నచ్చిన పెట్టెలో కాగితం వేసి వచ్చారు. పార్టీ పేరును చట్టం తుడిచేసినా వెనక ఎవరున్నారో జనం గుర్తుపట్టారు. కొత్త పేరు వెనక పాత పని ఉంది, అందుకే పట్టగలిగారు.

మరోవైపు గుర్తు జనాన్ని మోసం చేయగలదు కూడా. కారులా కనిపించే రోడ్డు రోలర్ గుర్తు బెడద తెలంగాణలో అందరికీ తెలిసిందే. 2019 లోక్‌సభ ఎన్నికల్లో భువనగిరిలో కారు గుర్తు అభ్యర్థి 5,219 ఓట్లతో ఓడారు. అక్కడే రోడ్డు రోలర్‌కు 27 వేలకు పైగా పడ్డాయి. 2022లో మునుగోడు ఉప ఎన్నికలో ఒక అభ్యర్థికి వచ్చిన రోడ్డు రోలర్‌ను అధికారి మార్చేస్తే, ఎన్నికల సంఘం తప్పుపట్టి తిరిగి ఇప్పించింది. మసక కళ్ళతో, గుడ్డి దీపం కింద బొమ్మ చూసి నొక్కే ముసలివాళ్ళ ఓట్లు అవి. ఇది చదువు లేని దేశాల జబ్బు అనుకునేవాళ్ళకు ఇంగ్లండ్ సంగతి చెప్పాలి. 1969 దాకా అక్కడ కాగితం మీద పార్టీ పేరే వేసేవారు కాదు. తర్వాత అభ్యర్థి తన గురించి నాలుగు ముక్కలు వేసుకోవచ్చన్నారు. 1994లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో రిచర్డ్ హగెట్ అనే ఆయన "లిబరల్ డెమొక్రాట్" బదులు "లిటరల్ డెమొక్రాట్" అని వేయించుకుని పదివేలకు పైగా ఓట్లు పట్టుకుపోయాడు. అసలు లిబరల్ డెమొక్రాట్ ఏడు వందల ఓట్ల తేడాతో ఓడాడు. నిండా చదువుకున్న ఓటర్లు ఒక్క అక్షరం దగ్గర పొరపడ్డారు. 1998లో వాళ్ళు పార్టీల పేర్లు రిజిస్టర్ చేసుకునే చట్టం తెచ్చుకున్నారు. పేరు తీసేయడం మందు కాదని, పేరును కాపాడాలని అర్థం చేసుకున్నారన్నమాట.

మా తమ్ముడు ఇవేవీ ఒప్పుకోడు. వాడు ఓపెన్ కాస్టులో డంపర్ నడుపుతాడు. 2023 డిసెంబరులో సంఘం ఎన్నికలకు ముందు ఒక రాత్రి షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటూ నాతో గట్టిగా వాదించాడు.

"అక్కా, కంపెనీ ఎవరిది? 51 శాతం రాష్ట్రానిది, 49 కేంద్రానిది. రేపు రాష్ట్రంలో ఎవరుంటే వాళ్ళ సంఘమే గెలిస్తే, అడిగేటోడూ ఇచ్చేటోడూ ఒక్క ఇంటోళ్ళే. ఇగ అడుగుడెక్కడిది? సంఘం కాగితం మీద పార్టీ నీడ పడకపోతేనే మాకు మంచిది."

వాడి మాటలో బలం ఉంది. 2012లో టీబీజీకేఎస్ గెలిచినప్పుడు ఆ గెలుపు జీతాల కోసం కాదు. అంతకు ముందు ఏడు తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బాయిలన్నీ నెల దాటి ఆగిపోయాయి. జీతం లేకుండా అవ్వ కందిపప్పు అప్పు తెచ్చి వండింది. ఆ ఊపులో ఎర్రజెండా బాపు కూడా బాణానికే వేశాడు. తప్పు చేసినట్టు రెండు రోజులు ఇంట్లో మాట్లాడలేదు. బాణం అంటే అప్పుడు తెలంగాణ. 2017లో ఆ సంఘమే మళ్ళీ గెలిచే నాటికి టీఆర్ఎస్ రాష్ట్రాన్ని ఏలుతోంది. అదే గుర్తు, అర్థం మాత్రం మారింది. ఒకప్పుడు సర్కారుతో కొట్లాడే గుర్తు, ఇప్పుడు సర్కారు గుర్తు. కాగితం మీద బొమ్మ ఈ మార్పు చెప్పదు.

"మరి పార్టీ నీడ లేని సంఘం వచ్చిందనుకో. దాన్ని ఎట్ల గుర్తుపడ్తవు?" అని తమ్ముణ్ణి అడిగాను.

"మనిషిని చూసి."

"పన్నెండు వందల మంది పని చేసే కాడ అందరికీ ఆ మనిషి తెలుసా?"

"తెలిసినోళ్ళు చెప్తరు."

అక్కడే నాకు ముసలవ్వ మళ్ళీ గుర్తొచ్చింది. తెలిసినవాళ్ళు చెబుతారు, నిజమే. ఎవరు తెలిసినవాళ్ళు? కాగితం మీది గుర్తు తీసేస్తే, ఓటరు ఖాళీ మనసుతో మంచి మనిషిని వెతుక్కుంటాడని అనుకుంటాం. ఖాళీ ఖాళీగా ఉండదు. దాంట్లో ఇంటిపేరు వచ్చి కూచుంటుంది. మనవాడా కాదా, మన వాడవాడా కాదా వచ్చి కూచుంటుంది. ఇప్పటికే పదవిలో ఉన్నవాడి పేరు వచ్చి కూచుంటుంది, ఎందుకంటే విన్న పేరు అదొక్కటే. అమెరికాలో పార్టీ పేరు లేని ఎన్నికలను పరిశీలించినవాళ్ళు కూడా ఇదే చూశారు. అక్కడ ఓటు వేయడానికి వచ్చేవాళ్ళు తగ్గుతారు, వచ్చినవాళ్ళు పదవిలో ఉన్నవాడి వైపు మొగ్గుతారు. పార్టీ గుర్తు పోతే లాభపడేది ముందే అన్నీ తెలిసినవాడు. నష్టపోయేది ఊరికి కొత్తగా వచ్చినవాడు, చదువు లేనివాడు, పని ఎక్కువై నాలుగు చోట్ల కూచుని కనుక్కునే తీరిక లేనివాడు. బాపు ఈ ఊరికి వచ్చిన రోజు ఆయన ఆ మూడూ. పల్లెలో ఇంటిపేరు మోసిన బరువును ఇక్కడ జెండా మోసింది కాబట్టే, కులం అడగకుండా ఆయన్ను ఒకరు తమవాడన్నారు. బొగ్గు బాయిల ఊళ్ళలో జెండా చేసిన ఈ ఒక్క మేలు నేను ఎన్నటికీ మరవలేను.

ఆ డిసెంబరు ఎన్నికల ఫలితం తమ్ముడికీ నాకూ కూడా పాఠమే చెప్పింది. నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికలు. కాంగ్రెస్, సీపీఐ పొత్తు. ఒక వేదిక మీద రెండు జెండాలూ కలిసి ఎగిరాయి. రామగుండంలో కాంగ్రెస్ గెలిచిన మెజారిటీ ముందే చెప్పాను. సరిగ్గా ఇరవై ఏడు రోజులకు, డిసెంబరు 27న, ఆ రెండు జెండాల సంఘాలే సింగరేణిలో ఒకదానికొకటి ఎదురు నిలబడ్డాయి. దాదాపు నలభై వేల ఓట్లలో నూటికి తొంభై నాలుగు పోలయ్యాయి. ఏఐటీయూసీ 1,999 ఓట్ల తేడాతో గెలిచింది. పదకొండు ఏరియాల్లో ఆరు ఐఎన్‌టీయూసీకి, ఐదు ఏఐటీయూసీకి. గోదావరిఖని చుట్టూ ఉన్న ఆర్జీ-1, ఆర్జీ-2 రెండూ నక్షత్రం వైపు పోయాయి. సెంటినరీ కాలనీ వైపు ఆర్జీ-3 గడియారం వైపు. బాణానికి ఒక్క ఏరియా దక్కలేదు.

రామగుండం ఓటర్లంతా బాయి పనివాళ్ళు కాదు. ఎన్‌టీపీసీ ఉంది, ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, బజారుంది, పల్లెలున్నాయి. రెండు ఎన్నికలనూ పక్కపక్కన పెట్టి కొలవడం కుదరదు. అయినా మా వాడకట్టులోనే చెయ్యికి వేసి నెల తిరగకుండా నక్షత్రానికి వేసినవాళ్ళను నేను పేరుపేరునా చెప్పగలను. వాళ్ళు జెండాకు కట్టుబానిసలు కారు. రాష్ట్రాన్ని ఏలడానికి ఒక గుర్తు, ఆ ఏలేవాళ్ళను అడగడానికి ఇంకో గుర్తు ఎంచుకున్నారు. అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒక్క ఇంటివాళ్ళు కాకూడదన్న తమ్ముడి మాటనే వాళ్ళు నిజం చేశారు. కానీ ఎట్లా చేయగలిగారు? కాగితం మీద రెండు గుర్తులూ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి, ఏది ఎవరిదో తెలుసు కాబట్టి. గుర్తులు లేని కాగితం మీద ఇంత సూక్ష్మమైన తీర్పు రాయడం ఎవరికి సాధ్యం?

ఇది చెప్పి తమ్ముణ్ణి గెలిచాననుకున్నాను. వాడు నన్ను ఇంకో చోటికి లాక్కుపోయాడు. వాడి డంపర్ తిరిగే చోటే ఓబీ, అంటే బొగ్గు మీది మట్టి, తీసే కాంట్రాక్టు పిల్లలున్నారు. మట్టి తొలిచేది వాళ్ళు, బొగ్గు బయటపడేది వాళ్ళ చెమటతో. గుర్తింపు ఎన్నికల్లో వాళ్ళకు ఓటు లేదు. గేట్ మీటింగు జరుగుతుంటే వాళ్ళూ వెనక నిలబడి వింటారు, మైకు ఆగాక పనికి పోతారు. ఒకప్పుడు లక్ష దాటిన పర్మినెంటు కార్మికులు నలభై వేలకు వచ్చారు. తగ్గినవాళ్ళ పని తగ్గలేదు, చేతులు మారింది. 2024లో లాభాల వాటా ప్రకటించారు. 33 శాతం, 796 కోట్లు. ఒక్కొక్క పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు. కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి ఇచ్చారు, తలకు 5,000 రూపాయలు. ఆ వాటా పెంచింది తామేనని ప్రతి సంఘమూ ఫ్లెక్సీ కట్టింది. ఐదు వేల దగ్గర ఏ ఫ్లెక్సీ కింద నిలబడి ఎవరిని అడగాలో ఆ పిల్లలకు తెలియదు. గుర్తు ఉండాలా వద్దా అని నేను ఇంతసేపు వాదించింది ఓటున్నవాళ్ళ సంగతి. "కాగితమే లేనోడికి గుర్తెందుకే అక్కా" అన్నాడు తమ్ముడు. జవాబు చెప్పలేకపోయాను.

మొన్న 2025 డిసెంబరులో మళ్ళీ పంచాయతీ డ్యూటీ. ఈసారి వేరే ఊరు. అదే గులాబీ కాగితం, పేరు లేని బొమ్మలు. చలి బాగా ఉంది, పిల్లల బెంచీలను గోడకు జరిపి మధ్యలో బల్లలు వేసుకున్నాం. ఎనిమిది గంటలప్పుడు ఒక కొత్త కోడలు వచ్చింది. పెళ్ళై నాలుగు నెలలట, మంచిర్యాల పిల్ల. ఓటు ఇక్కడికి మార్పించుకుంది. వేలికి సిరా పెడుతుంటే నెమ్మదిగా అంది:

"మేడం, బయట గోడకు అంటించిన పేర్లు చదివిన. ముగ్గురిదీ ఒక్కటే ఇంటిపేరు."

"మరి?" అన్నాను, ఏమనాలో తెలియక.

"మా ఇంటోళ్ళు కత్తెర అన్నరు. ఎందుకో చెప్పలే."

కాగితం తీసుకుంది. అట్ట చాటుకు పోయింది. బయట వరస గడప దాకా వచ్చింది, ఏజెంట్లు తమ జాబితాల్లో ఆమె పేరు మీద టిక్కు పెట్టుకున్నారు. నేను తర్వాతి కాగితం మడిచి పట్టుకుని, ముద్ర చప్పుడు కోసం చూస్తూ కూచున్నాను. ఆ పిల్ల చాలాసేపు తీసుకుంది.